కూర్చుని చేసే పని

అంతర్వేది,
మే 2023.

ఒసేయ్ జాస్మినూ,

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకుంటున్నావు కదూ. నవ్వుకో. మా ఇంట్లో అత్తయ్యకీ నాకూ కలిపి ఒకటే ఫోను. అది మోగితే చాలు ఆవిడ స్పీకరు పెట్టేస్తుంది. ఆవిడకి చెవి కొంచెం మందం. మనం మాట్లాడుకునేది వీధి చివర శిరీష వాళ్ళ వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. ఇది వీధికి వినిపించే సంగతి కాదు. అందుకని పోస్టాఫీసుకి పోయి కవరు కొన్నాను. అత్తయ్యకి చదువు రాదు, నువ్వు జవాబు నేరుగా ఇంటికే రాయొచ్చు.

మళ్ళీ పోయిందే. నాలుగో నెలలో. మొదటిది పోయినప్పుడు నీకు ఫోన్ చేసి ఏడ్చాను. ఈసారి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఒక్కోసారి అలా జరుగుతుంటాయి" అంది. మొదటిసారి కూడా ఆ మాటే అంది. ఎన్నిసార్లు పోతే "ఒక్కోసారి" అనడం మానేస్తారో అడగాలనిపించింది.

అత్తయ్యని చూస్తే ఇంకా బాధ. మా నూకరత్నం అత్తయ్య సినిమా అత్త కాదే. నేను నెల తప్పానని తెలిసిన రోజు నుంచీ నన్ను చేపల బుట్ట ముట్టనివ్వలేదు, రేవుకి రానివ్వలేదు, నీళ్ళ బిందె ఎత్తనివ్వలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ నా వంతు బుట్ట కూడా తనే మోసింది. నాకు కూర్చుని చేసే పని ఒక్కటే వదిలింది. ఇప్పుడు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కింది.

నువ్వు విశాఖపట్నంలో చేసే పరిశోధన ఆడవాళ్ళ గర్భసంచికి సంబంధించిందని చెప్పావు. నన్ను ఓదార్చొద్దు. ఎందుకు పోతున్నాయో చెప్పు. మూడోదాన్ని నేను ఇలా పోగొట్టుకోను.

నీ
కుసుమ


విశాఖపట్నం,
మే 2023.

కుసుమా,

నీ కవరు చేతికిస్తూ మా హాస్టల్ వార్డెన్, ఇంకా ఉత్తరాలు రాసే మనిషి ఎవరని అడిగింది. రాజోలు కాలేజీలో నా జువాలజీ రికార్డు బొమ్మలన్నీ గీసిపెట్టిన మనిషి అని చెప్పాను. నువ్వు పెళ్ళి చేసుకుని అంతర్వేది పోయావు, నీ బొమ్మల మార్కులతో నేను ఇక్కడి దాకా వచ్చాను.

ఓదార్చొద్దన్నావు, ఓదార్చను. మా అమ్మ రోజూ ప్రార్థనలో నీ పేరు చెబుతోంది, అది ఆవిడ పని. నా పని అడగడం. నేను పనిచేసేది మనుషుల మీద కాదు, ఎలకల మీద. కొన్ని లోహాలు కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతే ఆడ ఎలకల అండాశయానికీ గర్భసంచికీ ఏమవుతుందో చూస్తాం. నీకు ఇది పనికొస్తుందో లేదో నాకు తెలియదు. కాబట్టి నీ రోజు మొత్తం రాసి పంపు. ఏం తింటావు, నీళ్ళు ఎక్కడివి, కాటుక ఎక్కడ కొంటావు, పొయ్యి మీద ఏం కాగుతుంది, అన్నీ. నీకు చిన్నవనిపించినవి కూడా వదలకు.

"కూర్చుని చేసే పని" అని రాసి ఊరుకున్నావు. అదేం పని?

జాస్మిన్


అంతర్వేది,
జూన్ 2023.

జాస్మినూ,

పోలీసుల్లా అడిగావే. సరే, రాస్తున్నాను.

పొద్దున్న టీ, మధ్యాహ్నం అన్నం చేపల పులుసు, రాత్రి మిగిలింది. నీళ్ళు ట్యాంకువి, తాగడానికి క్యాను. కాటుక నేను పెట్టుకోను, నా కళ్ళు పెద్దవేనని మీ ఇంట్లోనే అనేవారుగా. బియ్యం, పసుపు, కారం అన్నీ అత్తయ్య సంతలో కొంటుంది.

ఇక కూర్చుని చేసే పనంటే వలగుళ్ళు. ఇప్పుడు వేట నిషేధం, మగవాళ్ళు పడవలు గట్టెక్కించి వలలు బాగుచేసుకుంటున్నారు. వల అంచుకి బరువు కావాలి కదా, ఆ గుళ్ళు చేసేది మా వీధిలో ఆడవాళ్ళమే. పాత సామాన్లవాడి దగ్గర పాత బ్యాటరీ పలకలు కొంటాం. చిరిగిన వలల గుళ్ళు కూడా కలిపి, ఇనప మూకుట్లో వేసి కరగబెడతాం. సీసం ఇట్టే కరుగుతుందే. అచ్చులో పోసి, ఆరాక ముక్కలు చేసి, వల తాడు చుట్టూ మడిచి పంటితో నొక్కుతాం. పట్టకారు కంటే పళ్ళే నయం, తాడు తెగదు. నా నొక్కు ఎంత గట్టిదంటే ఒక్క గుండూ జారదు. మా ఆయన శివనాగరాజు రేవులో ఎన్ని వలలు కలిసిపోయినా తన వల ఇట్టే పట్టేస్తాడు, గుళ్ళ మీద నా పంటి గుర్తులుంటాయని. పెళ్ళయిన కొత్తలో ఆ మాట చెప్పి నన్ను సిగ్గుపడేలా చేశాడు.

వర్షమొస్తే వంటింటి పొయ్యి మీదే కరగబెడతాం. కడుపుతో ఉన్న ఆడదానికి మా వీధిలో ఇచ్చేది ఈ పనే. ఎండ తగలదు, బరువు ఎత్తక్కర్లేదు. రెండుసార్లూ అత్తయ్య వేరే వాళ్ళ వలలు కూడా అడిగి తెచ్చి నా ముందు పెట్టింది, నాకు పొద్దుపోవాలని.

ఇంతే నా రోజు. ఇందులో నీకు ఏం దొరుకుతుందో నువ్వే చెప్పు.

కుసుమ


విశాఖపట్నం,
జూన్ 2023.

కుసుమా,

ముందు ఈ ఉత్తరం కింద పెట్టి, నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడుక్కుని రా. నవ్వులాటకి చెప్పడం లేదు.

మా ఎలకలకి మేం ఇచ్చేది సీసమే. నువ్వు పంటితో నొక్కేదే. మేం నీళ్ళలో చిటికెడంత కలుపుతాం, అంతకే నేను చూసినవి చెబుతాను విను. అండాశయంలో ప్రతి అండం చుట్టూ దాన్ని పెంచే కణాలుంటాయి, నువ్వు నా రికార్డులో చుక్కలు చుక్కలుగా గీశావే, అవే. సీసం పోయిన ఎలకల్లో ఆ కణాలు ముందు చస్తాయి, పెంచేవాళ్ళు లేక అండం ఎండిపోతుంది. గర్భసంచి లోపలి పొర సరిగ్గా మందం కట్టదు. ఒకవేళ పిండం నిలిచినా, తల్లి నుంచి బిడ్డకి తిండి పంపే మాయ ఉంది చూడు, అది చాలా చెడుని ఆపుతుంది కానీ సీసాన్ని ఆపలేదు. మన ఒంటికి సున్నానికీ సీసానికీ తేడా తెలియదు. సున్నం, అంటే కాల్షియం అనుకుని లోపలికి రానిస్తుంది.

నీకు జరిగింది ఇదేనని నేను అనడం లేదు. ఎలక వేరు, మనిషి వేరు. రక్తం చూస్తే కానీ తెలియదు. అమలాపురంలో రక్తం ఇస్తే బయటి ల్యాబుకి పంపుతారు, నాన్న కనుక్కున్నారు. శివనాగరాజుగారి రక్తం కూడా తీయించు. మగవాళ్ళలో కూడా ఇది చెడు చేస్తుంది, ఈ విషయంలో ఆడదాన్ని ఒక్కదాన్నే బోనులో నిలబెట్టనివ్వను.

ఆ పని ఈ రోజే మానెయ్యి. మీ అత్తయ్యకి చెప్పు.

జాస్మిన్


అంతర్వేది,
జూలై 2023.

జాస్మిన్,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు పళ్ళు తోముకున్నాను.

చెప్పు అన్నావు, ఎంత తేలికగా అన్నావే! ఏమని చెప్పాలి? నువ్వు ప్రేమగా చేతిలో పెట్టిందే నా బిడ్డల్ని మింగేసిందని చెప్పనా? తన మోకాళ్ళు అరగదీసుకుని నన్ను కూర్చోబెట్టిన మనిషితో ఆ మాట అనమంటావా? నీకు ఎలకలున్నాయి, వాటికి అత్తలుండరు. నువ్వు రాసిందంతా నిజమే కావచ్చు, కానీ నీ ఉత్తరం నిండా నేను లేను, నా సీసం ఉంది.

తిట్టాల్సింది తిట్టాను. ఇప్పుడు చేసింది చెబుతాను. పోయిన శనివారం వాడపల్లికి అత్తయ్య బదులు మా ఆయన వచ్చాడు, ఆవిడ మోకాలు వాచింది. ప్రదక్షిణలయ్యాక గోదారి గట్టు మీద కూర్చోబెట్టి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. వినగానే లేచి, "పద, అమలాపురంలో దిగుదాం" అన్నాడు. ఇద్దరం రక్తం ఇచ్చాం. మీ నాన్నగారు మత్తయి మాస్టారు పాపం ఎండలో స్కూటరు వేసుకుని వచ్చి, మేం బస్సెక్కేదాకా ఉన్నారు.

గుళ్ళ పని మానేశాను. పంటి నొప్పని అత్తయ్యకి అబద్ధం చెప్పాను, పాపం లవంగాలు నూరి పెట్టింది.

ఒక్కటి చెప్పు. ఒకవేళ నా రక్తంలో ఆ సీసం ఉంటే, పని మానేస్తే చాలా? వెంటనే మళ్ళీ బిడ్డని కనొచ్చా? ఇంట్లో ఎదురుచూస్తున్నారు.

కుసుమ


విశాఖపట్నం,
ఆగస్టు 2023.

కుసుమా,

నువ్వు తిట్టింది న్యాయమే. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

రిపోర్టులు నాన్న నాకు ఫోటో తీసి పంపారు. డెసిలీటరు రక్తంలో సీసం అయిదు మైక్రోగ్రాములు దాటితేనే ఎక్కడి నుంచి వస్తుందో వెతకమంటారు. నీకు ముప్పై దాటింది. శివనాగరాజుగారికి ఇరవై పైన. అమలాపురంలో ఒక లేడీ డాక్టరుగారితో మాట్లాడాను, ఆవిడ నీ కేసు శ్రద్ధగా చూస్తానన్నారు. ఐరన్, కాల్షియం మాత్రలు రాస్తారు. పాలు, గుడ్డు, ఆకుకూరలు మానకు. వంటింటి పొయ్యి చుట్టూ పొడిగా ఊడవకు, తడిబట్టతో తుడువు.

మా ప్రొఫెసర్‌గారికి మీ వీధి సంగతి చెప్పాను. ఆయన చాలా ఆసక్తి చూపించారు. మీ దగ్గర ఆడవాళ్ళందరి రక్తం పరీక్ష చేయడానికి మా బృందం వస్తామంటోంది. నువ్వు సరేనంటే వచ్చే నెలలోనే వస్తాం.

జాస్మిన్


అంతర్వేది,
ఆగస్టు 2023.

జాస్మిన్,

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. మాత్రలు, పాలు, తడిబట్ట అన్నీ రాశావు. మానేస్తే చాలా అని అడిగాను. నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. ఏదో దాస్తున్నావు.

నేను అత్తయ్యకి చెప్పేదాకా మీ రక్తం సీసాలు పట్టుకుని ఎవరూ రావొద్దు. ఆవిడకి ఈ సంగతి కోటు వేసుకున్న కొత్తవాళ్ళ నోటి నుంచి తెలియకూడదు.

కుసుమ


విశాఖపట్నం,
ఆగస్టు 2023.

కుసుమా,

దాచాను. నిన్ను భయపెట్టకూడదని కాదు, నాకే రాయడానికి చెయ్యి రాలేదు.

మానేస్తే చాలదు. రక్తంలో ఉన్నది కొన్ని నెలల్లో తగ్గుతుంది. కానీ ఇన్నేళ్ళ సీసం ఎముకల్లో చేరి కూర్చుంటుంది, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. కడుపులో బిడ్డ పడగానే ఆ బిడ్డ ఎముకలకి సున్నం కావాలి కదా, తల్లి ఒళ్ళు తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. సున్నంతో పాటు సీసం కూడా కదులుతుంది. అందుకని నువ్వు కాల్షియం వదలకూడదు, తొందరపడకూడదు. డాక్టరుగారు కనీసం ఏడాది పైన ఆగమంటున్నారు. రక్తం మళ్ళీ మళ్ళీ చూపించుకుంటూ, ఆవిడ ఇక చాలన్నాకే.

అప్పుడైనా నేను మాట ఇవ్వలేను. అవకాశం మాత్రం బాగా పెరుగుతుంది. నీకు అబద్ధం చెప్పను.

మా బృందం సంగతి మరిచిపో. నువ్వు రమ్మన్నప్పుడే వస్తాం. మా ప్రొఫెసర్‌కి ఆ మాట గట్టిగానే చెప్పాను, ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఫరవాలేదు.

నీ
జాస్మిన్


అంతర్వేది,
సెప్టెంబరు 2023.

జాస్మినూ,

చెప్పేశాను.

ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను, ఒక్కటీ పనికి రాలేదు. ఆవేళ అత్తయ్య పెరట్లో పొయ్యి రాజేసి పక్కింటి వల కోసం సీసం కరగబెడుతోంది. నా పంటి నొప్పి తగ్గలేదని నా వంతు కూడా తనే చేస్తోంది. అది చూడలేకపోయాను.

"అత్తయ్యా, ఆ సీసం మానేయండి. అది ఒంట్లోకి పోతందంట. నా రక్తంలో ఉందని అమలాపురంలో చెప్పేరు. మీ అబ్బాయి రక్తంలో కూడా ఉందండి. కడుపు నిలవకపోడానికి అదే కారణం అయ్యుంటదంటున్నారు" అన్నాను.

ఆవిడ గరిటె దించలేదు. "డాట్రులు అలాగే చెప్తారే. ముప్పై ఏళ్ళ పైనుంచి గుళ్ళు పోత్తన్నాను. నాకేటైంది?" అంది.

దానికి జవాబు నా దగ్గరుంది జాస్మిన్. మా ఇంట్లో అందరికీ తెలిసిందే. కానీ అది నా నోటి నుంచి రాకూడదనుకుని ఊరుకున్నాను. మూకుడులోకి చూస్తూ ఆవిడే అంది. "ముగ్గురు పోయేరే నాకు. నాగరాజుకి ముందు."

"తెలుసండి."

"మా అత్త నన్ను బుట్ట ఎత్తనిచ్చేది కాదు. కూకోబెట్టి గుళ్ళు చేయించేది. మంచిదే మా అత్త." తర్వాత నాకేసి తిరిగి, "మరి నాగరాజెలా బతికేడే?" అంది. నన్ను ఇరుకున పెడదామని అడిగింది. అడిగి, తనే ఆగిపోయింది. ఆవిడ ముఖం మారిపోవడం నేను చూశాను. "తుఫాను ఏడు" అంది మెల్లగా. "ఆడు పెద్ద తుఫాను వచ్చిన ఏడు కడుపున పడ్డాడు. వలలన్నీ సముద్రం లాక్కుపోయింది. గుళ్ళు కట్టడానికి ఈ ఊళ్ళో వల ముక్క కూడా లేదు. పడిపోయిన కొబ్బరిచెట్ల మట్టలు మోసేను నేను, నెలల తరబడి. కడుపుతో ఉండి మోత్తన్నానని ఊరంతా తిట్టేరు. మా అత్త ఏడ్చేది, కూకోడానికి పని లేదే నీకు అని."

ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఏమనుకునేవారో తెలుసా? తుఫానులో సర్వం తీసుకున్నందుకు దేవుడు బదులుగా నాగరాజుని ఇచ్చాడని.

గరిటె చేతిలోంచి కింద పెట్టి, నా దగ్గరకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "నిన్ను కూకోబెట్టింది నేనే కదే" అంది. "తెలీక చేసేరండి. మీ అత్తగారూ తెలీకే చేసేరు" అన్నాను. ఆవిడ ఏడ్చింది జాస్మిన్. తన ముగ్గురికీ, నా ఇద్దరికీ కలిపి ఏడ్చింది. అప్పుడు నాకూ వచ్చింది, మే నెలలో రాని ఏడుపు.

తర్వాత పొయ్యిలో కట్టెలు లాగేసి, సీసం గడ్డకట్టేదాకా అక్కడే నిలబడింది. పక్కింటి వల భుజాన వేసుకుని వాళ్ళింటికి పోయి, "గుళ్ళు పొయ్యను. ఇనపవి కొనుక్కోండి" అని పడేసి వచ్చింది. ఏడాది పైన ఆగాలని చెబితే, "ఆగుదాం. ఎవడేటంటాడో నేను చూత్తాను" అంది.

ఇప్పుడు రండి మీరు. కానీ ఒక షరతు. ఎవరి రక్తంలో ఎంత ఉందో ముందు ఆ మనిషికి తెలుగులో చెప్పాలి. పుస్తకాలకి ఆ తర్వాతే.

కుసుమ


విశాఖపట్నం,
అక్టోబరు 2023.

కుసుమా,

నీ షరతు మా ప్రొఫెసర్ ముందు పెట్టాను. ఒప్పుకున్నారు, ఒప్పుకోక తప్పలేదు.

తుఫాను సంగతి ల్యాబులో అందరికీ చదివి వినిపించాను. మళ్ళీ ఒక మాట చెప్పాలి. ఒక్క కాన్పుని బట్టి ఏదీ నిరూపించలేం. మీ అత్తయ్యగారి ముగ్గురూ అందుకే పోయారని నేను సంతకం పెట్టలేను. కానీ నేను ఇన్ని ఎలకల్ని కోసి వెతుకుతున్న ప్రశ్న, ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి తనని తానే అడుక్కుంది. "మరి నాగరాజెలా బతికేడే?" అన్న ఆ మాట నా బల్ల ముందు గోడకి అంటించుకున్నాను.

ఆ గడ్డకట్టిన సీసం గోదాట్లో పారేయకండి, చేపల్లోకి పోతుంది. సామాన్లవాడికే ఇచ్చేయండి. నెలాఖరుకి వస్తున్నాం. మీ అత్తయ్యగారి చేతి పులుసు తినకుండా కదలను.

నీ
జాస్మిన్


అంతర్వేది,
మే 2025.

జాస్మినూ,

ఇప్పుడు నాకు వేరే ఫోనుంది, అయినా ఈ ఒక్కటి ఉత్తరంలోనే రాయాలనిపించింది.

నువ్వు వచ్చి వెళ్ళాక ఇక్కడ పనులు అంత నున్నగా జరగలేదు. రిపోర్టులు చూసి కొందరు భయపడ్డారు, కొందరు నన్నే తిట్టారు. ఇనప గుళ్ళు తుప్పు పడుతున్నాయని, వల నెమ్మదిగా దిగుతోందని మగవాళ్ళ సణుగుడు. మా ఆయనైతే, "నీ పంటి గుర్తు లేని వల నాది కాదనిపిత్తంది" అని మొదటి ఏడాదంతా గొణిగాడు. గుళ్ళు కాస్త దగ్గరగా కట్టుకున్నాక ఇప్పుడు మాట్లాడ్డం లేదు. మా వీధిలో సగం ఇళ్ళు సీసం మానేశాయి. మిగతా సగాన్ని అత్తయ్య చూసుకుంటోంది.

ఎలా చూసుకుంటోందో చెబుతాను. మొన్న శిరీష నెల తప్పింది. మామూలుగానే వాళ్ళ అత్త ఆ పిల్లని చూరు కింద కూర్చోబెట్టి, ఒళ్ళో వల వేసి, పక్కన గుళ్ళ గిన్నె పెట్టింది. అత్తయ్య అటు పోతూ చూసి, ఆ గిన్నె తీసుకుని నడిచొచ్చేసింది. వాళ్ళ అత్త వెంటపడి, "ఏటిది రత్నం, పిల్లకి కాలక్షేపానికి పెట్టేను" అంటే, వెనక్కి తిరిగి, "ఆ కాలక్షేపం ఎంతమందిని తిన్నదో నన్నడుగు, చెప్తాను" అంది. వీధంతా వినేలా అంది. అందరి ముందూ ఆవిడ తన ముగ్గురి మాట ఎత్తడం నేను వినడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి శిరీష మధ్యాహ్నాలు మా ఇంట్లోనే ఉంటోంది.

నా రక్తం ఒంటి అంకెలోకి దిగిందని నీకు తెలుసు. కొత్త సంవత్సరంలో డాక్టరుగారు ఇక చాలన్నారని కూడా నీకు తెలుసు. నీకు తెలియనిది, నిన్న సాయంత్రం నేను అత్తయ్యకి చెప్పింది. చెప్పగానే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. లేదు. దీపం పెట్టి, నా తల నిమిరి, పోయి పడుకుంది. ఆవిడకి భయమేసిందనుకున్నాను. నాకూ వేసింది. ఏం జరుగుతుందో నువ్వూ నేనూ మాట ఇవ్వలేం కదా. కానీ ఈసారి నా బిడ్డకి నా చేతులతో విషం పెట్టడం లేదు. ఏది జరిగినా ఆ ధైర్యంతో నిలబడతాను.

ఈ పొద్దున్న అలవాటుగా అరుగు మీద చతికిలబడబోయాను. అత్తయ్య లోపలి నుంచి వచ్చి, జబ్బ పట్టుకుని లేపి, నా చేతిలో చేపల బుట్ట పెట్టింది. చూస్తే లోపల ఏమీ లేదు.

"ఖాళీదేగా అత్తయ్యా!"

"ఖాళీదే. ఆడదాని చేతులు ఊరికే కనపడితే ఎవరో ఒకరు పని తెచ్చి పెడతారే. పట్టుకో. లెగు, రేవుకి పోదాం."

ఇప్పుడు వేట నిషేధం, రేవులో చేప పిల్ల కూడా లేదు. అయినా ఇద్దరం వీధి పొడుగునా, అందరి అరుగుల ముందు నుంచి, రేవు దాకా నడిచి వచ్చాం.

నీ
కుసుమ